నారాయణప్ప కొన్న మానిటర్

నారాయణప్పకు కోపమొస్తే ముందు వస్తువుల మీద వస్తుంది. కాఫీ చల్లారితే తప్పు లోటాది. జేబు చిరిగితే తప్పు దర్జీది కూడా కాదు, దారానిది. అలాంటి మనిషికి ఆ ఏడు ఉగాది వెళ్ళిన కొత్తలో కంప్యూటర్ మీద చుక్కలు సరిగ్గా ఆనకపోయేసరికి, ఇంకేముంది, తప్పంతా మానిటర్ నెత్తిన పడింది.

"దీనికి వయసైపోయిండాది" అన్నాడు భార్యతో. "ఎన్నేండ్లని పని చేస్తాది పాపం."

భారతి వంటింట్లో చారుకు పోపు పెడుతోంది. "దానికొక్కదానికేనా వయసైండేది?" అంది. ఆయన వినబడనట్టు ఊరుకున్నాడు. ఇష్టం లేని మాట వినబడకుండా చేసుకోవడంలో ఆయనకు మంచి అలవాటుంది.

చుక్క అంటే ఏమిటో చెప్పకపోతే ఈ రభస అంతా ఎందుకో అర్థం కాదు. పట్టుచీర అంచులో హంస ఉంటుంది, కొంగులో నెమలి ఉంటుంది. వాటిని మగ్గం తనంతట తాను వేయదు కదా. ముందుగా ఎవరో ఒకరు ఆ హంసను గళ్ళ మీద వేసివ్వాలి. ఒక గడి అంటే ఒక పోగు. రంగు నింపిన గడి దగ్గర పోగు పైకి లేస్తుంది, నింపని చోట కిందే ఉంటుంది. ఒక్క గడి తప్పినా ఆ పోగు చీర వెనకాల వదులుగా తేలిపోయి, గాజుకో మెట్టెకో తగులుకుని లాగేస్తుంది. పైగా మగ్గానికి తప్పని తెలియదు. హంస వచ్చినప్పుడల్లా అదే తప్పును ఎంతో శ్రద్ధగా మళ్ళీ నేస్తుంది.

కబ్బన్‌పేటలో నారాయణప్ప వాళ్ళు తాతల నాటినుంచీ మగ్గాల వాళ్ళు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. తండ్రి మగ్గం గుంటలోనే పుట్టి పెరిగాడు, కొడుక్కి మాత్రం బొమ్మలు వేసే చెయ్యి ఉందని చిన్నప్పుడే కనిపెట్టి గళ్ళ కాగితాల ముందు కూర్చోబెట్టాడు. సన్నటి కుంచె, ఎర్ర సిరా, నేల మీద ఒకదానికొకటి అంటించిన కాగితాలు. నారాయణప్ప వాటి మీద బోర్లా పడుకుని గళ్ళు నింపుతూ యవ్వనమంతా గడిపేశాడు. పెళ్ళిచూపులకు వెళ్ళినప్పుడు కూడా వేలి చివరన ఎర్ర సిరా ఉందట, భారతి ఇప్పటికీ చెబుతుంది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ఆయన ఈడు వాళ్ళంతా ఇది మనవల్ల అయ్యే పని కాదని కుంచెలు కడిగేసి పక్కన పెట్టారు. నారాయణప్పకు అప్పటికి నలభై దాటింది. కొడుకు వయసు వాళ్ళ మధ్య కూర్చుని, వాళ్ళు నవ్వుతుంటే పళ్ళు కొరుక్కుంటూ, మౌసు పట్టడం నేర్చుకున్నాడు. కాగితం మీద గడి ఇప్పుడు తెర మీద చుక్క అయింది. అంతే తేడా. పేటలో మిగిలిన గళ్ళ మనిషి తానొక్కడేనని ఆయనకు గర్వం. ఆ గర్వం కొంచెం ఎక్కువే, కానీ ఉత్తినే వచ్చింది కాదు.

ఇప్పుడాయన చేతిలో ఉన్నది శ్రీనివాసులు పని. ధర్మవరం దగ్గరనుంచి వచ్చి యలహంకలో మగ్గాలు పెట్టుకున్న మనిషి. దసరా బేరానికని వెడల్పాటి అంచు అడిగాడు. హంసల వరుస, దానికి అటూ ఇటూ తిన్నటి జరీ కడ్డీలు. కడ్డీ అంటే అంచు పొడుగునా గీత గీసినట్టు పోయే చార. ఆ అంచు కోసం ఒక మగ్గాన్ని ఖాళీ చేసి పెట్టుకున్నాడు కూడా. "ఎవరెవరో పిల్లోళ్ళు తొందరగా చేసిస్తామంటా ఉండారన్నా, నేనే వద్దనేసినా" అన్నాడు వెళ్తూ వెళ్తూ. ఆ మాట నారాయణప్పకు సంతోషమూ అయింది, భయమూ అయింది. ఇది చేయలేకపోతే ఇంకొకటి రాదు. చుక్క కనబడని గళ్ళ మనిషిని ఎవరు పిలుస్తారు?

కూతురు శ్రీజ మారతహళ్ళిలో ఉంటుంది, బెళ్ళందూరులో ఉద్యోగం. ఫోన్‌లో సంగతి విని, "నాయనా, ముందు కంటి డాక్టర్‌కి చూపించుకో. మానిటర్ తర్వాత కొందాం" అంది.

"కండ్లకేం కాలేదమ్మా. నువ్వు మానిటర్ సంగతి చెప్పు."

"సరే, నేనే మంచిది చూసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడతాలే."

"చేత్తో పట్టి చూడకుండా గుడ్డ కొంటామా?"

"అది గుడ్డ కాదు నాయనా."

"ఏదైనా అంతే" అని ఫోన్ పెట్టేశాడు.

ఎస్.పి. రోడ్డు ఆయన ఇంటికి నడిచిపోయేంత దూరం. కంప్యూటర్ సామాను అమ్మే అంగళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టుంటాయి. వేసవంతా పాత తెరతోనే నెట్టుకొచ్చి, చివరికి హంసల డిజైన్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, చొక్కా జేబులో భద్రంగా పెట్టుకుని, ఒక అంగట్లోకి వెళ్ళాడు. అక్కడ శశిధర్ అని ఒకతను, హిందూపురం వాళ్ళబ్బాయే, ఓపికస్తుడు. మానిటర్లు వరుసగా పెట్టి అన్నిటిలోనూ హంసను తెరిచి చూపించాడు.

"ఈ రెండూ ఒకే సైజు అంకుల్" అన్నాడు. "కానీ దీంట్లో చుక్కలు తక్కువ, ఒక్కొక్క చుక్కా లావుగా ఉంటుంది. ఇది ఫోర్‌కె. దీంట్లో అదే జాగాలో నాలుగింతలు చుక్కలు. అన్నీ సన్నం."

ఇక్కడే జరిగింది పొరపాటు. ఇంకెవరైనా అయితే ధర అడిగేవాళ్ళు, గ్యారంటీ అడిగేవాళ్ళు. నారాయణప్ప చెవిలో పడింది ఒకటే మాట, అదే జాగాలో నాలుగింతలు. పుట్టి బుద్ధి తెలిసినప్పటినుంచీ ఆయన ఇంట్లో విన్నది అదే. అంగుళంలో పోగులు ఎంత ఎక్కువైతే గుడ్డ అంత మేలు. తక్కువ పోగుల గుడ్డ ముతక. పెళ్ళివాళ్ళు దాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, మాట్లాడకుండా పక్కన పెట్టేస్తారు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు ముతక తెర కొంటాడా?

"సన్నందే ఇయ్యి" అన్నాడు.

శశిధర్ తటపటాయించాడు. "అంకుల్, మీ పనికి చుక్క పెద్దగా కనబడాలి కదా. మీ సాఫ్ట్‌వేర్ కూడా పాతది. ఆ లావుదే మీకు సుఖం. పెద్దవాళ్ళందరికీ మేము అదే ఇస్తాం."

"పెద్దోళ్ళకని ముతకది అంటగడతా ఉండావా?"

"ముతక అని కాదంకుల్..."

"సన్నందే."

అంతే, ఆ సన్నటి తెరను మోయడానికి కొత్త కంప్యూటర్ కూడా కావలసివచ్చింది. శశిధర్ బిల్లు రాస్తూ, "నచ్చకపోతే తొందరగా తెచ్చేయండి, బాక్సు మాత్రం పారేయకండి" అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. నారాయణప్ప ఆటోలో ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, వీధిలో అందరూ చూసేలా ఇంటికొచ్చాడు.

ఇంట్లో దాన్ని పెట్టి స్విచ్చి నొక్కగానే తెర నిండా వెలుగొచ్చింది. ఆ వెలుగులో అక్షరాలు ఆవాలు చల్లినట్టు ఉన్నాయి. పాత తెర మీద అరచేయంత ఉండే హంస ఇక్కడ బొటనవేలి గోరంత అయిపోయి ఒక మూలన కూర్చుంది. భారతి చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనకాల నిలబడింది.

"ఎంత సన్నంగా ఉండాదో చూడు" అన్నాడాయన.

"బాగుండాది. నీకు కనపడతా ఉండాదా?"

"యాల కనపడదు?"

ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగితే రాత్రి అన్నం మీద అలుగుతాడని ఆమెకు తెలుసు.

ఆదివారం శ్రీజ వచ్చి, సెట్టింగుల్లోకి వెళ్ళి అక్షరాలు రెండింతలు చేసింది. వెలుగు తగ్గించింది, మౌసు బాణం పెద్దది చేసి దానికి పసుపు రంగు వేసింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ పాత డిజైన్ సాఫ్ట్‌వేర్ ఎవరి మాటా వినే రకం కాదు. దాని బొత్తాలు కొన్ని అలాగే చిన్నగా ఉండిపోయాయి, కొన్ని సగం తెగి కనబడకుండా పోయాయి. "చాలా నాయనా? ఇబ్బంది లేదు కదా?" అని అడిగింది. "శానా బాగుండాదమ్మా" అన్నాడు. పిల్ల సంతోషంగా వెళ్ళిపోయింది. ఆమె స్కూటర్ సందు మలుపు తిరగగానే ఆయన కుర్చీని ముందుకు లాక్కున్నాడు.

అప్పటినుంచీ ప్రతి ఉదయం ఆ ఖరీదైన తెర మీద నుదుటి విభూతి మరక ఒకటి, ముక్కు మరక ఒకటి కనబడేవి. భారతి మెత్తటి గుడ్డతో తుడిచేది. ఆయనకు చెప్పేది కాదు. చెప్పి ఉండాల్సిందేమో. అప్పుడామెకు జాలి ఒక పక్క, విసుగు ఒక పక్క. మగవాళ్ళ మంకుతనం ఇంతేలే అని సరిపెట్టుకుంది.

హంసను పెద్దది చేసుకుంటే చుక్కలు లావుగా వచ్చాయి. అమ్మయ్య అనుకున్నాడు నారాయణప్ప. అప్పుడు మొదలైంది అసలు బాధ. హంస పక్కన కడ్డీ గీసి ఉంది కదా, ఆ గీత మధ్యలో వంగి కనిపించింది. చెరిపి మళ్ళీ గీశాడు. మళ్ళీ వంగింది. చుక్క తర్వాత చుక్క, మీట నొక్కి గీసిన గీత అది, వంగడానికి వీల్లేదు. హంస మెడ దగ్గర చూస్తే మెడ దగ్గర వంగుతోంది. తోక దగ్గర చూస్తే మెడ దగ్గర తిన్నగా అయిపోయి తోక దగ్గర వంగుతోంది. ఎక్కడ చూస్తే అక్కడే వంకర. ఆ మాటను ఒక్క నిమిషం నింపాదిగా ఆలోచించి ఉంటే ఆయనకే తెలిసిపోయేది. ఆలోచించలేదు. ఆలోచించకూడదనే గట్టిగా కూర్చున్నాడు.

"డూప్లికేట్ సరుకు అంటగట్టినాడు" అన్నాడు భారతితో. "గీతలన్నీ వంకర పోతా ఉండాయి. వాపసు ఇచ్చేస్తా."

ఈసారి భారతి కూడా బయల్దేరింది. డబ్బా బరువు, ఒక్కడే ఎలా మోస్తాడని అంది కానీ, అసలు కారణం అది కాదు. ఆయన అంగట్లో గొడవ పెట్టుకుంటాడని ఆమె భయం.

శశిధర్ మానిటర్‌ను బల్ల మీద పెట్టి హంసను తెరిచాడు. "ఎక్కడంకుల్?"

"ఈడ. మెడ పక్కన. కడ్డీ వంగిండేది కనపడలేదా?"

శశిధర్ వంగి చూశాడు. పక్కనున్న ఇంకొకతన్ని పిలిచి చూపించాడు. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. "తిన్నగానే ఉంది కదంకుల్" అన్నాడు శశిధర్. నారాయణప్ప గొంతు పెంచాడు. చదువుకున్నోళ్ళు, రోజూ ఇదే పని చేసేవాళ్ళు, ఇంత వంకర కనబడలేదంటే ఎవరు నమ్ముతారని. అంగట్లోకొచ్చిన వాళ్ళు తిరిగి చూశారు. భారతి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది.

శశిధర్ వాదించలేదు. సొరుగులోంచి స్టీలు స్కేలు తీసి, కడ్డీకి ఆనించి తెర మీద పట్టుకున్నాడు. "ఇప్పుడు చూడండి."

నారాయణప్ప చూశాడు. స్కేలు కూడా వంగి ఉంది.

ఆయన పక్కనున్న ఇంకొక తెర వైపు చూశాడు. దాని అంచు, చూసిన చోటల్లా లోపలికి నొక్కినట్టు వంగింది. అంగడి తలుపు చట్రం వంగింది. అటక మీద డబ్బాల వరుస వంగింది. అన్నిటినీ డూప్లికేట్ అనడానికి ఆయనకు నోరు రాలేదు. మెల్లగా అక్కడున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమప్పా, ఏమైంది?" అంది భారతి వంగి.

"స్కేలు వంకరగా ఉండాది" అన్నాడు చిన్న గొంతుతో. "స్టీలు స్కేలు భారతీ."

శశిధర్ నీళ్ళ సీసా తెచ్చిచ్చి, "మానిటర్ ఇక్కడే ఉండనీయండి. ముందు కంటాస్పత్రికి వెళ్ళండి, ఈరోజే వెళ్ళండి" అన్నాడు.

ఆస్పత్రిలో హేమంత్‌కుమార్ అనే కుర్ర డాక్టరు కంట్లో మందు వేసి, ఏవేవో లైట్లు కొట్టి చూసి, చివరికి ఒక కాగితం చేతికిచ్చాడు. నారాయణప్ప దాన్ని చూసి తెల్లబోయాడు. అది గళ్ళ కాగితం. అడ్డంగా గీతలు, నిలువుగా గీతలు, మధ్యలో ఒక చుక్క. "ఇది మా పనికొచ్చే కాగితమే కదప్పా" అన్నాడు.

"ఒక్కో కన్నూ మూసుకుని మధ్యలో చుక్కను చూడండి. గీతలెలా ఉన్నాయో చెప్పండి."

ఎడమ కంటికి గీతలు చుక్క చుట్టూ అలలు పోయాయి. కుడి కంటితో చూస్తే అసలు చుక్కే లేదు. చుక్క ఉండాల్సిన చోట, దాని చుట్టూ ఉన్న గళ్ళతో సహా, మసిగుడ్డతో తుడిచేసినట్టు ఖాళీ. నారాయణప్ప ఉన్నదున్నట్టు చెప్పాడు. అబద్ధం చెప్పడానికి ఆ కాగితం ముందు ఆయనకు మనసొప్పలేదు.

జనం తమ చూపు వంకర పోయిందని తెలుసుకోవడానికి ఆస్పత్రికొచ్చి ఆ కాగితం చూడాలి. ఈయన బతుకంతా ఆ కాగితం మీదే గడిచింది. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పరీక్ష కళ్ళెదురుగానే ఉంది, అది చెబుతూనే ఉంది, ఈయన దానితో పోట్లాడుతూ వచ్చాడు. ఏమనాలి ఇలాంటి మనిషిని?

డాక్టరు విడమరిచి చెప్పాడు. కంటి వెనక తిన్నటి చూపు ఉండే చోటు ఒకటి ఉంది. దాని కింద పిచ్చి రక్తనాళాలు పుట్టి కారుతున్నాయి. కుడి కంట్లో కారిపోయి, ఎండిపోయి, మచ్చ కట్టేసింది. అక్కడిక చూపు రాదు. ఎడమది ఇప్పుడిప్పుడే మొదలైంది. కంట్లో సూదిమందు వేస్తే ఆగొచ్చు, కొంచెం మెరుగుపడనూ వచ్చు. మాటివ్వలేను, కానీ ఆలస్యం చేయకండి అన్నాడు.

"వేసవి మొదట్లోనే వచ్చి ఉంటే కుడి కన్నుకు కూడా ఏదైనా చేసేవాళ్ళం" అన్నాడు రాసుకుంటూ. "మీకేమీ అనుమానం రాలేదా?"

"రాలేదు" అన్నాడు నారాయణప్ప నేల వైపు చూస్తూ. భారతి ఆయన మొహం వైపు చూసింది.

కంట్లో సూది అంటే వినడానికే ఒళ్ళు జలదరిస్తుంది. ఆయన మాత్రం నోరెత్తకుండా పడుకుని పొడిపించుకున్నాడు. శ్రీజ సెలవు పెట్టి వచ్చి ఆస్పత్రి వరండాలో నిలబడి ఏడ్చింది. "నేను ఆరోజు గట్టిగా లాక్కొచ్చి ఉండాల్సింది. సెట్టింగులు మార్చి వెళ్ళిపోయాను" అంది. "యాల ఏడుస్తావు, ఊరుకో, అందరూ చూస్తా ఉండారు" అని కసిరాడు తండ్రి. కసిరిన తర్వాత ఆమె చెయ్యి వదల్లేదు.

శ్రీనివాసులుకు ఫోన్ చేసి చెప్పడం సూదిమందు కంటే కష్టమైంది ఆయనకు. రెండు రోజులు వాయిదా వేశాడు. చివరికి చేసి, దాపరికం లేకుండా చెప్పేశాడు. అవతల మగ్గాల చప్పుడు వినబడుతోంది.

"దసరాకి వేరే డిజైన్ ఎక్కించుకుంటానన్నా" అన్నాడు శ్రీనివాసులు. "మగ్గం ఖాళీగా పెట్టుకుంటే నాకూ జరగదు కదా. ఏమనుకోవద్దు. హంసలు అయినప్పుడు ఇద్దువులే."

"ఏమనుకోనప్పా. నువ్వు చెప్పేది నిజమే."

ఫోన్ పెట్టేసి ఆయన చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. కోపం వస్తే బాగుండేది. ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు, దగ్గర్లో ఒక్క వస్తువూ తప్పు చేసినట్టు లేదు. శ్రీనివాసులు మంచివాడే. పని మాత్రం పోయింది.

మానిటర్ ఇంకా అంగట్లోనే ఉంది. కంటి మంట తగ్గాక, కొత్త కంప్యూటర్‌ను కూడా ఆటోలో వేసుకుని భారతితో కలిసి వెళ్ళాడు. శశిధర్ కుర్చీ వేశాడు. నారాయణప్ప కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "నాకు కుడి కన్ను పోయింది" అన్నాడు. "ఎడమది వంకర చూస్తాది. దానికి సరిపోయేది చూపించు."

ఆ మాట అంత సులభంగా ఆయన నోట్లోంచి వస్తుందని భారతి అనుకోలేదు. ఆమె పక్కకు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుంది.

శశిధర్ ఈసారి వరుసలు పెట్టలేదు. ఆరోజు వద్దన్న మానిటర్‌నే తెచ్చాడు. ఇరవై ఏడంగుళాలు, చుక్కలు తక్కువ, ప్రతి చుక్కా లావు. తెర మీద మెరుపు లేదు, వెనకున్న ట్యూబులైటు దాంట్లో కనబడదు. దాన్నొక ఇనుప చెయ్యికి బిగించి, "మీరు తెర దగ్గరికి పోవద్దంకుల్, తెరనే మీ దగ్గరికి లాక్కోండి. మెడ నొప్పి ఉండదు" అన్నాడు. వెనక రంగు నలుపు చేసి, గీతలు పసుపు చేశాడు. అంగడి బోర్డు మీదంత పెద్ద అక్షరాలున్న కీబోర్డు ఒకటి పెట్టాడు. కంప్యూటర్ కూడా మామూలుది చాలని, ఖరీదైనదాన్ని వెనక్కి తీసుకున్నాడు.

నారాయణప్ప ఆ తెర ముందు చాలాసేపు కూర్చున్నాడు. హంసను పెద్దది చేశాడు, చిన్నది చేశాడు. చుక్కను పట్టుకున్నాడు, వదిలాడు. మళ్ళీ పట్టుకున్నాడు. చుక్క కనబడుతోంది. కడ్డీ ఇంకా కొంచెం వంగే ఉంది, కానీ మునుపటంత కాదు.

"ముతకదే కానీ" అన్నాడు లేస్తూ. "నాకు ఇదే."

ఇంటికొచ్చాక ఆయన పని మళ్ళీ మొదలైంది. పనంటే పనే, బేరం లేదు, గడువు లేదు. పొద్దున టిఫిన్ తిన్నాక కాసేపు కూర్చుంటాడు, కన్ను అలిసిపోతే లేస్తాడు. కడ్డీ గీసేటప్పుడు కంటిని నమ్మడం మానేశాడు. మీటల మీద లెక్క ప్రకారం వెళ్తాడు. వంకరగా కనబడినా దిద్దడు. అలా దిద్దకుండా వదిలేయడం ఆయనకు మొదట్లో ఎంత కష్టమైందో ఆ చేతులు చూసినవాళ్ళకే తెలుస్తుంది. మౌసు దాకా వెళ్ళి ఆగి వెనక్కి వచ్చేవి.

రెండో సూది వేసి వచ్చిన మరునాడు పొద్దున్న, వీధిలో పాలవాడి చప్పుడు తగ్గాక, భారతి ఆయన కంట్లో చుక్కలమందు వేసింది. ఆయన కుర్చీలో తల వెనక్కి వాల్చి, మందు దిగేదాకా కదలకుండా ఉన్నాడు. ఆమె సీసా మూత బిగిస్తూ అడిగింది.

"ఆ దినం డాక్టరు అడిగితే అనుమానం రాలేదన్నావే. నిజంగానే రాలేదా?"

ఎదురుగా ఇంకొక కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఉగాది దినం తలకి పోసుకుంటా ఉంటే ఎడమ కంట్లో సీకాయ పడింది" అన్నాడు చివరికి. "దాన్ని మూసుకుని కుడి కన్నుతో చూస్తి. నువ్వు తువ్వాల పట్టుకుని ఎదురుగా నిలబడిండావు. కొత్త చీర కనపడింది. చెయ్యి కనపడింది. తలలో పూలు కనపడినాయి." కుర్చీలో ముందుకు జరిగాడు. "మొగం లేదు భారతీ. మొగం ఉండేచోట ఏమీ లేదు."

ఆమె సీసాను పక్కన పెట్టింది.

"సీకాయ మంట అనుకుంటి. సాయంత్రం మళ్ళా చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తి. నువ్వు బియ్యం ఏరతా ఉండావు. అప్పుడూ లేదు. మరుసటి దినమూ లేదు."

"నాతో చెప్పలేదే."

"భయమైంది. చెప్తే ఆస్పత్రికి లాక్కొని పోతావు. వాళ్ళు ఇంక పని మానెయ్యి అంటారు. మానేస్తే నేను ఏం మనిషిని? అదే... మానిటర్ మార్చేస్తే అన్నీ సరిపోతాయని అనుకుంటి."

భారతి మనసులో లెక్క దానంతటదే తేలింది. ఉగాది అంటే వేసవి మొదట్లోనే. డాక్టరు చెప్పింది సరిగ్గా ఆ రోజుల గురించే. ఒక కన్ను, ఒక నిండు కన్ను, ఆ రోజుల్లో ఈ ఇంట్లో ఆమె పక్కనే కూర్చుని మెల్లగా ఎండిపోయింది. అరవాలనిపించింది. కొట్టాలని కూడా అనిపించింది. ఎన్ని పొద్దులు ఆ తెర మీద విభూతి మరక తుడుస్తూ తాను కూడా నోరు మూసుకుని ఉందో గుర్తొచ్చి, ఆ కోపం ఎటు తిరగాలో తెలియక ఆగిపోయింది.

"నా మొగం కనపడకపోతే, మానిటర్ కొనేదానికి పోతివా" అంది.

ఆయన తల ఊపాడు. ఊపుతూనే ఏడ్చాడు. పెళ్ళయినప్పటినుంచీ ఆయన ఏడవడం ఆమె చూడలేదు, తండ్రి పోయినప్పుడు కూడా పాడె మోసి వచ్చి మూలన కూర్చున్నాడే తప్ప ఏడవలేదు. ఇప్పుడు చిన్నపిల్లవాడు ఏడ్చినట్టు, ఆపుకోకుండా, ముక్కు కారేదాకా ఏడ్చాడు. ఆమె కుర్చీని ఇంకా ముందుకు లాక్కుంది.

"ఇప్పుడు కనపడతా ఉండానా?"

"ఎడమ కన్నుతో కనపడతా ఉండావు" అన్నాడు. "రవంత వంకరగా."

"వంకరగానే కానీలే" అంది భారతి. కొంగు చివర తీసి ఆయన చెంపలు తుడిచింది, నిన్న సూది పొడిచిన కన్ను జోలికి పోకుండా, కిందినుంచి మాత్రమే.